గృహ వాతావరణం – గణితాభ్యాసం

బిడ్డ మాట నేర్చేది ఇంట్లో. నడక నేర్చేది ఇంట్లో. అందువల్లనే పెద్దలు గృహాన్ని తొలి పాఠశాల అనీ, తల్లిని తొలి గురువు అనీ అన్నారు. భాష విషయంలో ఈ మాటను ఎవరూ కాదనరు. గణితం దగ్గరికి వచ్చేసరికి మాత్రం అభిప్రాయం మారిపోతుంది. గణితం బడిలో నల్లబల్ల మీద మొదలై, పరీక్ష పత్రం మీద ముగిసే విద్య అని సామాన్యంగా భావిస్తారు. ఒక విద్యార్థికి లెక్కలు వస్తే అది పుట్టుకతో వచ్చిన తెలివి అనీ, రాకపోతే అది తలరాత అనీ తీర్పు చెప్పడం పరిపాటి. ఒకే బడిలో, ఒకే ఉపాధ్యాయుని దగ్గర, ఒకే పుస్తకం చదివిన ఇద్దరు పిల్లలలో ఒకరు ముందంజ వేయడానికీ, మరొకరు వెనుకబడడానికీ, సాయంత్రం వారు తిరిగి వెళ్ళే ఇళ్ళకూ సంబంధం ఏమైనా ఉన్నదా? ఈ ప్రశ్నను విద్యావేత్తలు అర్ధ శతాబ్దికి పైగా పరిశీలిస్తున్నారు. పదవ తరగతి ముగించి, ఇంటర్మీడియట్‌లో ఏ గ్రూపు తీసుకోవాలో తేల్చుకొనే వయసులో ఇది కేవలం శాస్త్ర చర్చ కాదు. పదిహేనేళ్ల ప్రాయంలో "నాకు లెక్కలు రావు" అనుకొన్న ఒక్క మాట, ముందున్న అనేక ద్వారాలను ఒక్కసారిగా మూసివేయగలదు.

గృహ వాతావరణం అంటే ఇంటి గోడలూ, పైకప్పూ, సామగ్రీ మాత్రమే కాదు. అందులో నాలుగు అంశాలు ఇమిడి ఉన్నాయి. మొదటిది సంపద: అనగా ఆహారం, ఆదాయం, పుస్తకాలు, దీపం, కూర్చుని రాసుకొనే చోటు. రెండవది తల్లిదండ్రుల చదువు. మూడవది సమయం: పిల్లలకు చదువుకొనేందుకు మిగిలే గంటలు, పిల్లలతో గడిపేందుకు పెద్దలకు మిగిలే గంటలు. నాలుగవది మాట: ఇంట్లో అంకెల గురించి, చదువు గురించి, బిడ్డ శక్తి గురించి నిత్యం వినబడే మాట. వీటిలో మొదటి రెండూ ఒక్క రోజులో మారేవి కావు. చివరి రెండూ కొంతవరకైనా ఇంటివారి చేతిలో ఉన్నవి. ఈ భేదాన్ని గుర్తుంచుకొంటే విషయం సులభంగా బోధపడుతుంది.

విశాఖపట్నానికి నైరుతి దిశలో, శారదా నది పరిసరాలలో ఉన్న పట్టణం అనకాపల్లి. 2022 ఏప్రిల్ 4న ఇది జిల్లా కేంద్రమైంది. అంతకు చాలాకాలం ముందు నుంచే ఈ ఊరి పేరు చెప్పగానే తెలుగువారికి గుర్తుకు వచ్చేది బెల్లం. దేశంలోని పెద్ద బెల్లం మార్కెట్లలో అనకాపల్లి మార్కెట్టు ఒకటి. ఇటీవలి సంవత్సరాలలో చెరకు సాగు తగ్గుముఖం పట్టినా, చుట్టుపక్కల పల్లెలలో ఎన్నో కుటుంబాల జీవనం తరతరాలుగా చెరకు తోటతో, గానుగతో, బెల్లపు దిమ్మతో ముడిపడి సాగింది. అటువంటి ఇంట్లో లెక్క లేని రోజు ఉండదు. టన్ను చెరకు ఆడితే ఇంచుమించు ఒక క్వింటాలు బెల్లం దిగుతుందని అక్షరం రాని రైతుకు కూడా తెలుసు. కూలీలకు ఎంత, బండికి ఎంత, మొదటి రకానికీ రెండవ రకానికీ ధరలో తేడా ఎంత, అప్పు తీర్చగా చేతికి మిగిలేది ఎంత అన్న ప్రశ్నలు పొయ్యి దగ్గరే పుట్టి, అక్కడే తేలిపోతాయి. నిష్పత్తి, శాతం, వడ్డీ, లాభనష్టాలు అనే పాఠ్యపుస్తకపు అధ్యాయాలన్నీ ఆ ఇంటి వాకిట్లోనే ఉన్నాయి.

ఒక ఉదాహరణ చూడవచ్చు. కిలో బెల్లం 45 రూపాయలు పలుకుతున్నదనీ, దిమ్మ 14 కిలోలు తూగిందనీ అనుకొందాం. కాగితం, కలం లేని మనిషి దాని వెలను ఇలా కడతాడు: "పది కిలోలకు నాలుగు వందల యాభై, నాలుగు కిలోలకు నూట ఎనభై, రెండూ కలిపితే ఆరు వందల ముప్పై." ఇది ఊహ కాదు, గాలిలెక్క అంతకన్నా కాదు. పద్నాలుగును పది, నాలుగుగా విడదీసి, ఒక్కొక్క భాగాన్ని నలభై ఐదుతో హెచ్చించి, ఫలితాలను కూడడం ఇందులోని పద్ధతి. దీనినే పాఠ్యపుస్తకం విభాగ న్యాయం అంటుంది. పేరు తెలియకపోయినా న్యాయం తెలుసు. అటువంటి పెద్దవారి పక్కన కూర్చుని పెరిగిన బిడ్డ ఈ న్యాయాన్ని వింటూనే పెరుగుతాడు.

ఈ సంబంధం తెలుగువారికి కొత్తది కాదు. తొమ్మిదవ శతాబ్దంలో మహావీరాచార్యుడు సంస్కృతంలో రచించిన గణితసార సంగ్రహాన్ని పదకొండవ శతాబ్దంలో పావులూరి మల్లన తెలుగు పద్యాలలోకి తెచ్చాడు. తెలుగు కావ్యభాష రూపుదిద్దుకొంటున్న తొలిదినాలలోనే గణితం కూడా తెలుగులో పలికిందన్నది గర్వించదగిన విషయం. 1150లో భాస్కరాచార్యుడు రచించిన లీలావతిలో ఎన్నో లెక్కలు ఒక బాలికను పిలిచి అడిగే ప్రశ్నలుగా సాగుతాయి. తుమ్మెదలు, హంసలు, తామరలు అందులో లెక్కలకు వస్తువులు. వీధిబడులలో పిల్లలు నోటితో వల్లించిన ఎక్కాలలో అర, పాతిక, ముప్పాతిక, వీసం వంటి భిన్నాలు కూడా ఉండేవి. వీసమంటే పదహారవ వంతు. ఈ మాటలన్నీ బజారులోనూ, ఇంట్లోనూ వాడుకలో ఉన్నవే కావడం వల్ల, బడి లెక్కకూ ఇంటి లెక్కకూ నడుమ గోడ అంత ఎత్తుగా ఉండేది కాదు. కాలక్రమంలో ఆ గోడ పెరిగింది.

గోడ ఎంత ఎత్తు పెరిగిందో రెండు పరిశోధనలు స్పష్టం చేశాయి. బ్రెజిల్ దేశంలోని రెసిఫే నగరంలో వీధులలో సరకులు అమ్మే ఐదుగురు పిల్లలను కొందరు పరిశోధకులు పరీక్షించి, 1985లో ఫలితాలను ప్రకటించారు. కొనుగోలుదారులుగా వెళ్లి వెల అడిగినప్పుడు ఆ పిల్లలు 98 శాతం లెక్కలకు సరైన సమాధానం చెప్పారు. అవే లెక్కలను బడి పద్ధతిలో అంకెలుగా రాసి ఇచ్చినప్పుడు సరైన సమాధానాలు 37 శాతానికి పడిపోయాయి. దాదాపు నలభై ఏళ్ల తరువాత మన దేశంలోని కోల్‌కతా, ఢిల్లీ నగరాల బజార్లలో పనిచేసే పిల్లలపై మరింత విస్తృతంగా పరిశోధన జరిగి, 2025లో ఫలితాలు వెలువడ్డాయి. కూరగాయలు తూచి, వేర్వేరు సరకుల వెలలు కూడి, చిల్లర తిరిగి ఇచ్చే పనిని కాగితం అవసరం లేకుండా చేసే పిల్లలు, బడి తరహా భాగహారం ముందు తడబడ్డారు. వింత ఏమంటే, బజారు పని ఎరుగని బడి పిల్లలు బజారు లెక్కల ముందు అంతే తడబడ్డారు. తెలివి ఇరువురికీ ఉన్నది. ఒక ఒడ్డు నుంచి మరొక ఒడ్డుకు వారధి మాత్రం ఎవరికీ లేదు.

దీనినిబట్టి తెలిసేది ఏమిటి? గానుగ దగ్గర వెల కట్టగలిగిన పిల్లవాడు పరీక్షలో తప్పినప్పుడు, అతనికి గణిత బుద్ధి లేదని అనడం అన్యాయం. అతనికి లేనిది, ఇంటి లెక్కను బడి భాషలోకి మార్చుకొనే అభ్యాసం. ఆ మార్పు దానంతట అది జరగదు. ఎవరో ఒకరు పూనుకొని, "నోటితో చెప్పిన లెక్కనే పలక మీద రాసి చూపించు" అని అడగాలి. ఆ అడిగేవారు బడిలో ఉపాధ్యాయులు కావచ్చు. ఇంట్లో అన్నయ్యో, అక్కయ్యో కావచ్చు.

ఇంతమాత్రాన సంపదకూ, తల్లిదండ్రుల చదువుకూ ప్రాధాన్యం లేదని భావించరాదు. 1966లో అమెరికాలో జేమ్స్ కోల్‌మన్ ఆధ్వర్యంలో వెలువడిన బృహత్తర నివేదిక, విద్యార్థుల ఫలితాలలో కనిపించే తేడాలకు బడి వనరుల కంటే కుటుంబ నేపథ్యమే ఎక్కువ కారణంగా కనిపిస్తున్నదని చెప్పి విద్యాలోకాన్ని ఆశ్చర్యపరచింది. ఆ తరువాత అనేక దేశాలలో జరిగిన అధ్యయనాలు బడి పాత్రను ఆ నివేదిక కొంత తక్కువ చేసి చూపిందని సవరించినా, ఇంటి పాత్రను మాత్రం కాదనలేదు. తెలుగునాటనే ఇందుకు గట్టి ఆధారం ఉన్నది. 'యంగ్ లైవ్స్' అనే అంతర్జాతీయ అధ్యయనం 2002లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సుమారు మూడు వేల మంది పిల్లలను ఎంచుకొని, వారు పెరిగి పెద్దవారయ్యే వరకు కొన్నేళ్లకొకసారి వారి ఇళ్లకు వెళ్లి వివరాలు సేకరించింది. అనకాపల్లి వలెనే ఉత్తరాంధ్రకు చెందిన శ్రీకాకుళం కూడా ఆ అధ్యయనంలోని జిల్లాలలో ఒకటి. పేద ఇంటి పిల్లలకూ, కలవారి పిల్లలకూ మధ్య అంకెల జ్ఞానంలో తేడా బడిలో చేరక ముందే కనిపిస్తున్నదనీ, తరువాతి సంవత్సరాలలో అది సులభంగా పూడడం లేదనీ ఆ అధ్యయనం వెల్లడించింది. శైశవంలో తగిన పోషణ లేక ఎదుగుదల కుంటుపడిన పిల్లలు తరువాతి కాలంలో పరీక్షలలో కూడా వెనుకబడినట్లు తేలింది. కాబట్టి బిడ్డ గణితానికి మొదటి మెట్టు పలక కాదు, పళ్లెంలోని అన్నం.

తల్లి చదువు సంగతి కూడా ఇటువంటిదే. 2011 జనాభా లెక్కల ప్రకారం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీల అక్షరాస్యత సుమారు 59 శాతం. అనగా ప్రతి పదిమంది స్త్రీలలో నలుగురు చదవను, రాయను ఎరుగరు. చదువుకొన్న తల్లి ఉన్న ఇంట్లో బిడ్డకు హోంవర్కులో సహాయం దొరుకుతుంది. సందేహం వచ్చినప్పుడు అడిగేందుకు మనిషి దొరుకుతుంది. అయితే ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. రెండు విషయాలు కలిసి కనిపించినంత మాత్రాన ఒకటి మరొకదానికి కారణం అని నిర్ధారించరాదు. ఇంట్లో పుస్తకాలు ఎక్కువగా ఉన్న పిల్లలకు గణితంలో మార్కులు ఎక్కువగా వస్తున్నాయని అనేక దేశాల సర్వేలు చెబుతున్నాయి. అంతమాత్రాన అంగడి నుంచి వంద పుస్తకాలు తెచ్చి అలమారలో పేర్చితే బిడ్డకు లెక్కలు వస్తాయా? రావు. ఆ పుస్తకాల వెనుక చదివే మనుషులు ఉన్నారు, చదువుపై ఆసక్తి ఉన్నది, తీరిక ఉన్నది, ఆదాయం ఉన్నది. ఫలితం ఇచ్చేవి అవి. పుస్తకం వాటి నీడ మాత్రమే.

ధనం విషయంలోనూ అనుకోని సత్యం ఒకటి బయటపడింది. 2005 నుంచి రెండేళ్లపాటు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని కొన్ని గ్రామీణ ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలకు బోధన సామగ్రి కోసం అదనపు నిధులు ఇచ్చి, నిధులు అందని పాఠశాలలతో పోల్చి చూశారు. మొదటి సంవత్సరం ఆ నిధులు అనుకోకుండా వచ్చాయి. పిల్లల గణితంలోనూ, భాషలోనూ మెరుగుదల కనిపించింది. రెండవ సంవత్సరం నిధులు వస్తాయని తల్లిదండ్రులకు ముందే తెలుసు. నోటుపుస్తకాలు, ఇతర సామగ్రి ఎలాగూ బడిలోనే దొరుకుతాయి గదా అని వారు తమ సొంత ఖర్చును తగ్గించుకొన్నారు. ఆ ఏడు చెప్పుకోదగిన మెరుగుదల కనిపించలేదు. 2013లో ప్రకటితమైన ఈ పరిశోధన ఆ తల్లిదండ్రులను తప్పుపట్టలేదు. పరిమిత ఆదాయంలో ఇల్లు గడుపుకొనేవారు అలా సర్దుకోవడం సహజమే. ఇందులోని నీతి వేరు. బడీ, ఇల్లూ ఒకే కాడికి కట్టిన రెండు ఎడ్ల వంటివి. ఒకటి ముందుకు లాగినప్పుడు రెండవది నిలిచిపోతే బండి కదలదు.

ఇక సమయం సంగతి. గానుగ ఆడే రోజులలోనూ, నాట్లు, కోతల రోజులలోనూ ఇంటిల్లిపాదికీ పని ఉంటుంది. అటువంటి కాలంలో బిడ్డకు చదువుకొనే గంటలు కరిగిపోతాయి. అందులోనూ ఆడపిల్లల గంటలు మరింత కరిగిపోతాయి. నీళ్లు మోయడం, అంట్లు తోమడం, తమ్ముళ్లను చెల్లెళ్లను ఆడించడం వంటి పనులు కౌమారంలో అడుగుపెట్టిన బాలిక మీదనే పడతాయి. చిన్న వయసులో గణితంలో బాలబాలికల మధ్య పెద్దగా తేడా లేకపోయినా, కౌమారంలో ఆ తేడా పెరుగుతున్నట్లు యంగ్ లైవ్స్ సేకరించిన వివరాలే చూపాయి. గణితం ఇతర పాఠాల వంటిది కాదు. కథను నడుమ వదిలి మళ్లీ అందుకోవచ్చు. గణితంలో ఒక మెట్టు తప్పితే తరువాతి మెట్టు అందదు. భిన్నాలు రాని బిడ్డకు నిష్పత్తి రాదు. నిష్పత్తి రానివారికి త్రికోణమితి అంతుపట్టదు. ప్రతిరోజూ ఒక్క గంట నిలకడగా దొరకడం, పరీక్ష ముందు పది రాత్రులు మేల్కొనడం కంటే మేలైనది అందుకే.

ఆ ఒక్క గంట విలువ ఎంతో తెలుపడానికి ఒక మహనీయుని జీవితం చాలు. ప్రపంచ ప్రసిద్ధ గణాంక శాస్త్రవేత్త ఆచార్య కల్యంపూడి రాధాకృష్ణారావు 1920 సెప్టెంబరు 10న హడగళిలో ఒక తెలుగు కుటుంబంలో ఎనిమిదవ సంతానంగా జన్మించారు. తండ్రి దొరస్వామి నాయుడు పోలీసు శాఖలో ఉద్యోగి కావడం వల్ల ఆయన చదువు ఊరూరా సాగి, చివరికి విశాఖపట్నం చేరింది. 1940లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు నుంచి గణితంలో ఎం.ఏ. పట్టా పొందారు. బాల్యంలో తండ్రి ఆయనకు లీలావతి లెక్కలు ఇచ్చి, రోజూ కొన్నింటిని సాధించమని ప్రోత్సహించారు. తల్లి లక్ష్మీకాంతమ్మ ప్రతిదినం తెల్లవారుజామున నాలుగు గంటలకే మేల్కొలిపి, మనసు తేటగా ఉండే ఆ ప్రశాంత వేళలో చదువుకొనేందుకు నూనె దీపం వెలిగించేవారు. జ్ఞానతృష్ణను కలిగించింది తన తల్లేనని రావుగారు తన గ్రంథంలో కృతజ్ఞతతో చెప్పుకొన్నారు. 2023లో అంతర్జాతీయ గణాంక శాస్త్ర బహుమతి ఆయనను వరించింది. అదే సంవత్సరం ఆగస్టు 22న, నూట రెండేళ్ల వయసులో ఆయన కన్నుమూశారు. ఇంతటి జీవితానికి పునాదిలో కనిపించేవి ఏవి? ఒక దీపం, ఒక వేళ, రోజుకు కొన్ని లెక్కలు. పెద్ద కుటుంబమే అయినా, ఇల్లు వాటిని క్రమం తప్పకుండా అందించింది.

తమిళనాడులోని కుంభకోణంలో పెరిగిన శ్రీనివాస రామానుజన్ ఇల్లు ఇంతకంటే పేదది. కాగితం కొనే స్తోమతు లేక ఆయన పలక మీద లెక్కలు చేసి, మోచేతితో తుడిచివేసేవారు. అయినా ఆ ఇంట్లో గణితానికి చోటు ఉన్నది. ఇంట్లో బసచేసిన కళాశాల విద్యార్థులను ఆ బాలుడు ప్రశ్నలతో ముంచెత్తి, వారికి తెలిసిన గణితమంతా నేర్చుకొన్నాడు. మహామేధావుల ఉదాహరణలు అందరికీ వర్తించవన్నది నిజమే. కాని పేదరికం ఉన్న ఇంట్లో సైతం అడగడానికి మనిషీ, రాయడానికి పలకా దొరికితే బుద్ధి వికసించడానికి దారి మిగిలి ఉంటుందని ఇవి తెలుపుతాయి.

నాలుగవ అంశమైన మాటకు గల బలం సామాన్యమైనది కాదు. "మా వంశంలో ఎవరికీ లెక్కలు రావు", "ఆడపిల్లకు అంత లెక్కలెందుకు", "పక్కింటి పిల్లవాడిని చూసి నేర్చుకో" వంటి మాటలు ఎన్నో ఇళ్లలో వినబడతాయి. అన్నవారు మరచిపోతారు, విన్న బిడ్డ మరువడు. గణితమంటే భయపడే తల్లిదండ్రుల ప్రభావం పిల్లలపై ఎలా ఉంటుందో 2015లో అమెరికాలో ఒకటి, రెండు తరగతుల పిల్లల విషయంలో పరిశీలించారు. గణిత భయం గల తల్లిదండ్రులు హోంవర్కులో తరచుగా సహాయం చేసినప్పుడు, సంవత్సరాంతానికి పిల్లల గణితాభ్యాసం తగ్గింది, భయం పెరిగింది. అటువంటి తల్లిదండ్రులే ఎక్కువగా కలుగజేసుకోని ఇళ్లలో ఈ దుష్ఫలితం కనిపించలేదు. అనగా సహాయం చేయడం ఎంత ముఖ్యమో, ఏ మనసుతో చేస్తున్నామన్నది అంతకంటే ముఖ్యం. విసుగుతో, దెబ్బతో, పరిహాసంతో నేర్పిన లెక్క కంటే నేర్పని లెక్కే మేలు.

అయితే చదువు రాని తల్లి ఏమి చేయగలదు? చాలా చేయగలదు. "ఈ లెక్క ఎలా చేశావో నాకు చెప్పు నాయనా" అని ఆమె అడగవచ్చు. బిడ్డ వివరించే క్రమంలో తన తప్పును తానే పట్టుకొంటాడు. దుకాణం నుంచి తెచ్చిన సరకుల చీటీని "ఒకసారి కూడి చూడమ్మా" అని కూతురి చేతికి ఇవ్వవచ్చు. బీహార్, రాజస్థాన్ రాష్ట్రాలలోని పల్లెలలో తల్లులకు అక్షరాలు, అంకెలు నేర్పి, పిల్లలతో ఇంట్లోనే చేయించదగిన చిన్న పనులను అందజేసి చూశారు. పిల్లల గణితంలో వచ్చిన మెరుగు స్వల్పమైనదే అయినా నిజమైనదని 2017లో వెలువడిన ఆ పరిశోధన తెలిపింది. పిల్లల చదువులో తల్లుల ప్రమేయం కూడా పెరిగింది. ఆంధ్రప్రదేశ్‌లో 2020–21 నుంచి ప్రభుత్వ పాఠ్యపుస్తకాలను ఒక పుట ఇంగ్లీషులోనూ, ఎదుటి పుట తెలుగులోనూ ముద్రించే పద్ధతి ప్రవేశపెట్టారు. ఇంగ్లీషు రాని తండ్రి సైతం తెలుగు పుట చదివి బిడ్డతో మాట్లాడేందుకు అది ఒక కిటికీ తెరచింది. కిటికీ తెరవడం బడి వంతు. తొంగిచూడడం ఇంటి వంతు.

ఆటల సంగతి కూడా ఇక్కడ చెప్పుకోదగినది. పూర్వం తెలుగు ఇళ్లలో వామనగుంటలు, పులిజూదం, వైకుంఠపాళి ఆడేవారు. చింతపిక్కలను గుంటలలో ఒక్కొక్కటిగా పంచుతూ పోయే ఆటలో లెక్కింపు ఉన్నది, ముందుచూపు ఉన్నది. పందెం వేసి గడులను లెక్కించుకొంటూ పైకి ఎక్కే వైకుంఠపాళిలో సంఖ్యల క్రమం ఉన్నది. ఇవి కాలక్షేపం మాత్రమే కావని ఆధునిక పరిశోధన తేల్చింది. 2008లో అమెరికాలో పేద కుటుంబాలకు చెందిన బడి ఈడు రాని పిల్లల చేత, ఒకటి నుంచి పది వరకు అంకెలు వేసిన గడుల ఆటను రెండు వారాలలో నాలుగుసార్లు, పదిహేను నిమిషాల చొప్పున ఆడించారు. అంతమాత్రానికే వారి సంఖ్యాజ్ఞానం మెరుగుపడింది. అంకెలకు బదులు రంగులు వేసిన గడులతో ఆడిన పిల్లలలో ఆ మెరుగు లేదు. ఖర్చు లేనిది, పుస్తకం అక్కరలేనిది, అమ్మమ్మ కూడా నేర్పగలిగినది అయిన ఈ విద్యను అటక మీదికి ఎక్కించడం వివేకం కాదు.

ఇన్ని చెప్పిన తరువాత ఒక పొరపాటు కలగకుండా జాగ్రత్త పడాలి. ఇల్లు ముఖ్యం అన్నంత మాత్రాన, బిడ్డ వెనుకబాటుకు ఇంటివారిని నిందించడం తగదు. పొద్దున వెళ్లి పొద్దుగూకిన తరువాత తిరిగివచ్చే కూలి తల్లికి బిడ్డ పక్కన కూర్చునే గంట లేకపోవడం ఆమె నేరం కాదు. ఇంట్లో దొరకనిదాన్ని అందించడానికే సమాజం బడిని నిర్మించుకొన్నది. ఇంటి లెక్కను గుర్తించి, దానిని పునాదిగా చేసుకొని, రాతగణితానికి దారి చూపడం బడి ధర్మం. బెల్లపు దిమ్మ వెల కట్టగలిగిన బాలునికి విభాగ న్యాయం బోధించేటప్పుడు, ఆ న్యాయం అతనికి ముందే తెలుసునని చెప్పగలిగిన ఉపాధ్యాయుడు సగం భయాన్ని అక్కడే తొలగిస్తాడు. అలాగే గృహ వాతావరణం విద్యార్థి విధిరాత కాదు. పరిశోధనలు చెప్పే సంఖ్యలు సమూహాలకు చెందినవి. ఒక్కొక్క వ్యక్తి భవిష్యత్తును అవి శాసించవు.

చివరగా గ్రహించవలసిన ముఖ్య విషయం ఒకటి ఉన్నది. గృహ వాతావరణం అనగానే విద్యార్థులు తల్లిదండ్రుల వైపు చూస్తారు. తాము కూడా ఆ వాతావరణంలో భాగమే అన్న సంగతి మరచిపోతారు. ఇంటర్మీడియట్ చదివే అక్క ఉన్న ఇంట్లో ఐదవ తరగతి తమ్మునికి ఆమే తొలి గణిత గురువు. ఎన్నో ఇళ్లలో ఆ కుటుంబం మొత్తంలో అంతవరకు చదివిన మొదటి వ్యక్తి ఆమే కావచ్చు. తమ్ముడు తప్పు చేసినప్పుడు ఆమె నవ్వితే ఆ ఇంట్లో గణితమంటే భయం పుడుతుంది; "ఏదీ, ఎలా చేశావో చెప్పు" అని అడిగితే ధైర్యం పుడుతుంది. చెల్లెలి చేతిలోని అంట్లను అన్న కాసేపు అందుకొంటే, ఆ కాసేపే ఆమె గణితానికి దొరికిన గంట అవుతుంది. సంపద రావడానికి ఏళ్లు పట్టవచ్చు. అమ్మానాన్నల చదువు ఇక మారకపోవచ్చు. ఆ ఇంట్లో వినబడే మాట, దొరికే సమయం మాత్రం ఈ సాయంత్రమే మారగలవు.